‘మనం’లో ఎవరెవరం?

మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ‘మా కాలనీ – పరిశుభ్రత’ అని వ్యాసం ఇచ్చాను. ఏ.ఎస్. రావు నగర్ చుట్టుపట్ల నుంచి వచ్చే పిల్లలు. నోటుపుస్తకాలు దిద్దుతూంటే ఒక విషయం తోచింది. దాదాపు అందరూ ‘ప్రజలు చైతన్యవంతులు కావాలి’, ‘ప్రజలు సహకరించాలి’ అనే రాశారు. ఆ ప్రజలు ఎక్కడో వేరే ఊళ్లో ఉన్నట్టు! ఒక్క అమ్మాయి మాత్రం, ‘మీరు తడి చెత్త, పొడి చెత్త కలిపి ఇస్తారు. మేము ఇంటికి తెచ్చి విడదీస్తాము’ అని రాసింది. ఆ పిల్ల తండ్రి చెత్త ఆటో నడుపుతాడు. నేను ఆ ‘మేము’ కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ‘మనము’ అని దిద్దాను. వ్యాసరచనలో చదువరిని కలుపుకుపోవాలని ఏళ్ల తరబడి చెబుతున్న అలవాటు. పుస్తకం తిరిగిచ్చాక గాని తెలియలేదు, తప్పు నాదని.

తెలుగులో ‘మేము’ అంటే వినేవాడు అందులో లేడు. ‘మనము’ అంటే ఉన్నాడు. హిందీ ‘హమ్’కు గాని, ఇంగ్లీషు ‘వియ్’కి గాని లేని భేదం ఇది. తమిళంలో ఉంది. ప్రభుత్వ పథకాలకు పేర్లు పెట్టేవారికి ఈ భేదం మనకంటే బాగా తెలుసు. 2014లో తెలంగాణలో ‘మన ఊరు – మన ప్రణాళిక’ వచ్చింది. 2017 డిసెంబరులో హైదరాబాదులో ‘మన నగరం’ సభలు మొదలైనాయి. పేరులోనే అందరినీ కలుపుకున్న తరువాత, సభలో ఎవరు లేరన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. ‘స్థానిక సంస్థల కార్యక్రమాలలో ప్రజల భాగస్వామ్యం’ అనే మాట ఇప్పుడు కథల్లోకి, కవితల్లోకి కూడా వస్తున్నది గనుక, దాని అర్థమేమిటో రచయితలు కొంచెం నిలిచి చూడటం అవసరం.

ఈ మాటకు వయసు తక్కువేమీ కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు ప్రజల పాత్ర అంటే శ్రమదానం. గ్రామస్థులు మట్టి మోస్తే రోడ్డు పడుతుంది. రోడ్డు ఎటు వెయ్యాలో మాత్రం బ్లాకు ఆఫీసు నిర్ణయిస్తుంది. ఇలా లాభం లేదని, అధికారం కిందికి దిగాలని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం చెప్పింది. 1959లో రాజస్థాన్ తరువాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ తెచ్చింది. మళ్లీ 1997లో ‘జన్మభూమి’తో శ్రమదానం వెనక్కి వచ్చింది, ఈసారి ప్రజల వాటా సొమ్ము కూడా కలిపి. గంప, పార ఎప్పుడూ ప్రజలవే. పటం మాత్రం ఎప్పుడూ ఆఫీసు బల్ల మీదే.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ రచయిత్రి ఈ వ్యవహారాన్నంతా ఒక నిచ్చెనగా చూపింది. ఎనిమిది మెట్లు. అట్టడుగు రెండింటిలో భాగస్వామ్యమే లేదు. ఉన్నట్టు నమ్మించటం, జనాన్ని రోగులుగా భావించి వారి ప్రవర్తనకు చికిత్స చెయ్యటం, అంతే. మధ్య మూడు మెట్లు నామమాత్రం: సమాచారం చెప్పటం, అభిప్రాయం అడగటం, ఒకరిద్దరిని కమిటీలో కూర్చోబెట్టి బుజ్జగించటం. పై మూడు మెట్లలోనే అసలు సంగతి ఉంది. అక్కడ ప్రజలు ప్రభుత్వంతో సమంగా కూర్చుంటారు, కొంత అధికారం అందుకుంటారు, చివరికి తామే నిర్ణయిస్తారు. ‘ప్రజలు చైతన్యవంతులు కావాలి’ అనే వాక్యం రెండో మెట్టుది. మన పాఠ్యపుస్తకాలు, మన కవితలు కూడా ఆ మెట్టు మీద చాలాకాలంగా నిలబడి ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

ఇక ఏ.ఎస్. రావు నగర్ సంగతి. 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.కు వ్యవస్థాపకుడైన అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ప్రభుత్వరంగ పరిశ్రమ చుట్టూ ఇల్లు కట్టుకున్న ఉద్యోగుల ఊరు. మొదట కాప్రా మునిసిపాలిటీలో ఉండేది. 2007లో కాప్రాతో పాటు మహానగర పాలక సంస్థలో కలిసింది. చదువుకున్నవారు, అర్జీ రాయగలవారు, అధికారిని పేరుపెట్టి పలకరించగలవారు ఇక్కడ ఎక్కువ. సంక్షేమ సంఘాలున్నాయి. పార్కులకు కాపలా ఉంది. దీన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. పార్కు స్థలం ఆక్రమణకు గురికాకుండా పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే రిటైరైన పెద్దమనుషులను చూసి నవ్వేవాళ్లకు నగరం సంగతి తెలియదు. ఆ మధ్య తరగతి పట్టుదల లేకపోతే మనకు చాలా చెట్లు మిగిలేవి కావు. అయితే ఆ పట్టుదల కాలనీ గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచే మన కథకుడికి పని మొదలు.

2015 నవంబరులో నగరంలో ఇంటింటికీ రెండు డబ్బాలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలిది. నగరమంతా కలిపి 44 లక్షల డబ్బాలు. చెత్త ఆటోలు వచ్చాయి. అప్పు మీద ఆటో తీసుకున్న మనిషే డ్రైవరు, యజమాని. అతనికి జీతం లేదు. ఇంటింటికీ నెలనెలా వసూలు చేసుకునే డబ్బు, పొడి చెత్తలో ఏరుకున్నది అమ్ముకుంటే వచ్చేది, అదే సంపాదన. కనుక ఇంటావిడ రెండు డబ్బాలూ ఒకే సంచిలో గుమ్మరిస్తే, ఆ పని అతని భార్యాబిడ్డల చేతుల మీద పడుతుంది. ఆ డబ్బాలు చాలా ఇళ్లలో బియ్యానికి, నీళ్లకు పనికి వచ్చాయన్న సంగతి మనందరికీ తెలిసిందే. ప్రజలకు చైతన్యం లేదని వెంటనే తీర్మానిస్తాం. నేను ఇంకోలా ఆలోచిస్తాను. డబ్బా రంగు దగ్గర నుంచి ఆటో వేళ దాకా ఏదీ వాళ్లనడిగి చెయ్యలేదు. అడగని పనిలో శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆటో వెళ్లిపోయాక చెత్త ఎక్కడికి పోతుంది? చివరికి జవహర్‌నగర్‌కు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి పది కిలోమీటర్ల లోపే. మహానగరంలో రోజూ పోగయ్యే వేల టన్నుల చెత్త ఏళ్ల తరబడి అక్కడికే పోయింది. అక్కడ గుట్టలు పెరిగాయి. ఊట మల్కారం చెరువులోకి దిగింది. దమ్మాయిగూడ, జవహర్‌నగర్ జనం వాసన భరించలేక రోడ్డెక్కారు, కేసులు వేశారు. ఆ తరువాతే పాత గుట్టను మట్టితోనూ పొరలతోనూ కప్పారు. 2020లో చెత్తతో కరెంటు తీసే కేంద్రం వచ్చింది. కాని గమనించవలసినది వేరొకటుంది. జవహర్‌నగర్ 2019 దాకా గ్రామ పంచాయతీ. ఆ తరువాత వేరే నగరపాలక సంస్థ. 2025 చివర శివారు పురపాలక సంస్థలను మహానగరంలో కలిపేదాకా అక్కడివారికి మహానగర పాలక సంస్థ ఎన్నికల్లో ఓటు లేదు. చెత్త పంపే సంస్థ ఒకటి, చెత్త మధ్య బతికేవాడి ఓటు మరొకచోట. ఓటున్న నగరవాసుల్లో 2020 ఎన్నికల్లో సగం మంది కూడా పోలింగుకు రాలేదు. ‘మన నగరం’ అన్నప్పుడు ఈ ఇద్దరిలో ఎవరు ‘మన’?

ఈ ప్రశ్న మన ఉద్యమానికి కొత్త కాదు. 1935లో లండన్‌లో అభ్యుదయ రచయితల సంఘానికి పునాది వేసినవారిలో ఒకడైన ముల్క్ రాజ్ ఆనంద్, అదే ఏడాది ‘అన్‌టచబుల్’ నవల తెచ్చాడు. పాకీపని చేసే బఖా జీవితంలో ఒక్క రోజు. చివర్లో అతనికి మూడు దారులు వినబడతాయి. ఒకటి మతం మారటం, రెండోది గాంధీజీ మాట, మూడోది ఒక కవి చెప్పే నీటి మరుగుదొడ్డి యంత్రం. ఆ యంత్రం మీద ఆ నాటి అభ్యుదయవాదులకు ఎంత ఆశ! ఇప్పుడు కరెంటు కేంద్రం మీద అదే ఆశ. యంత్రం రావలసిందే, నాకు సందేహం లేదు. కాని కాగితం, ప్లాస్టిక్కు కూడా పొయ్యిలోకి పోతే వాటిని ఏరి బతికేవాడు ఏం తినాలన్నది యంత్రం చెప్పదు. చెత్త ఏరుకునేవారిని గుర్తించి వ్యవస్థలో చేర్చాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. కాగితం మీద వాళ్లు ‘మనం’లోకి వచ్చి అప్పుడే ఎన్నేళ్లయింది!

1947లో తకళి శివశంకర పిళ్లై ‘తోట్టియుడె మకన్’ రాశాడు. అలప్పుళ పట్టణంలో పాకీపనివాళ్ల మూడు తరాల కథ. నాకు ఆనంద్ కంటే ఇది దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇందులో మునిసిపాలిటీ ఉంది. అధికారులున్నారు, పనివాళ్లు సంఘం పెట్టుకునే ప్రయత్నముంది. దయ చూపేవాడి కథగా కాక, సంస్థకూ పనివాడికీ మధ్య జరిగే వ్యవహారంగా నడుస్తుంది. అదే కేరళలో 1996లో ప్రజా ప్రణాళికోద్యమం వచ్చి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. గ్రామసభలో కూర్చున్నవాళ్లు ఆ డబ్బు దేనికన్నది చర్చించారు. లోపాలు లేవని కాదు. కాని డబ్బు ముందు వచ్చింది, ‘చైతన్యం’ దాని వెంట వచ్చింది. మనవాళ్లు ఈ వరసను తలకిందులు చేసి, ముందు చైతన్యం తెచ్చుకోండి, తరువాత చూద్దాం అంటారు.

2020లో మహానగర పాలక సంస్థ చట్టాన్ని సవరించారు. బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. సగం స్థానాలు స్త్రీలకన్నారు. వార్డుకు నాలుగు కమిటీలన్నారు: యువకులకొకటి, స్త్రీలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. వయసును బట్టి చోటుంది, లింగాన్ని బట్టి ఉంది, పేరు ప్రతిష్ఠలను బట్టీ ఉంది. చేసే పనిని బట్టి లేదు. నా విద్యార్థిని తల్లి రోజుకు నాలుగు గంటలు ఆ వార్డు చెత్తే విడదీస్తుంది. స్త్రీల కమిటీలో ఆమె పేరు ఎవరైనా సూచిస్తారేమోనని ఒక సంక్షేమ సంఘం సమావేశంలో అడిగాను. ఆ కుటుంబం మన వార్డులో ఉండదు కదా మాస్టారూ అన్నారు. నిజమే. వాళ్లుండేది జవహర్‌నగర్‌లో.