శిక్షణ పొందేది వందమంది, క్లాసులో వాడేది ఎందరు?

దేశంలోని కాలేజీలు, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవారు 15.98 లక్షల మంది. వారి దగ్గర చదువుకునేవారు 4.33 కోట్ల మంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్క ఇది. 18-23 ఏళ్ల వయసున్న ప్రతి లక్షమందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49 ఉన్నాయి. రాష్ట్రాల వరకు చూస్తే కర్ణాటక తర్వాతి రెండు స్థానాలూ తెలుగువారివే. కాబట్టి లెక్చరర్లకు టెక్నాలజీలో ఇచ్చే శిక్షణ ఎలా సాగుతోందన్నది మనకు ఇంటి విషయం.

111 కేంద్రాలు, 12 ఏళ్లు

1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987 నుంచి యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. కొత్త లెక్చరర్లకు ఓరియెంటేషన్, పాతవారికి రిఫ్రెషర్ కోర్సులు అక్కడే జరిగేవి. పేర్లు మారుతూ వచ్చి 2023లో అవి అధ్యాపకుల శిక్షణకు పెట్టిన మాలవీయ మిషన్ కిందికి చేరాయి. అప్పుడు ప్రకటించిన కేంద్రాలు 111.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేద్దాం. 15.98 లక్షల మందిని 111తో భాగిస్తే ఒక్కో కేంద్రానికి సుమారు 14,400 మంది వస్తారు. ఒక బ్యాచ్‌లో 50 మంది, నెలకు రెండు బ్యాచ్‌లు అనుకుంటే ఏడాదికి 1,200 మంది. అందరికీ ఒక్కసారి వంతు రావడానికే 12 ఏళ్లు పడుతుంది. ఈలోగా మొదటి బ్యాచ్ నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మూలన పడుతుంది.

ఈ చిక్కుకు ఒక జవాబు అంతకుముందే వచ్చిన ఆన్‌లైన్ శిక్షణ. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మొదలైంది. మరుసటి ఏడాది అదే వేదిక మీద అధ్యాపకుల కోసం ‘అర్పిత్’ కోర్సులు పెట్టారు. 75 జాతీయ వనరుల కేంద్రాలు పాఠాలు తయారుచేశాయి. మొత్తం 40 గంటల కోర్సులో 20 గంటలు వీడియోలు, మిగతా 20 గంటలు చదవడం, అభ్యాసం. చివరి పరీక్ష పాసైతే ప్రమోషన్‌కు రిఫ్రెషర్ కోర్సుతో సమానంగా లెక్కించేవారు. ఎంతమందికైనా ఒకేసారి చెప్పగలిగే మార్గం ఇలా దొరికింది. చెప్పింది క్లాసుదాకా చేరిందా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

60 మంది నేర్చుకుంటారు, ఐదుగురు వాడతారు

టీచర్ల శిక్షణ మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 2002లో ఒక అంచనా ఇచ్చారు. ఉపన్యాసం వినిపించి వదిలేస్తే క్లాసులో ఆ పద్ధతిని వాడేవారు దాదాపు ఉండరు. చేసి చూపించినా అంతే. చేతికిచ్చి సాధన చేయిస్తే వందలో 60 మందికి పని పట్టుబడుతుంది, కానీ క్లాసులో దాన్ని వాడేది ఐదుగురే. శిక్షణ తర్వాత తోటి టీచర్ ఒకరు పక్కనే ఉండి తోడ్పడితే వాడేవారి సంఖ్య 95కి చేరుతుంది. ఇవి అంచనాలే. అంకె ఒకచోట పెరగవచ్చు, మరోచోట తగ్గవచ్చు. అయినా ఐదుకీ తొంభై అయిదుకీ మధ్య దూరం ఎవరినైనా ఆలోచనలో పడేస్తుంది.

ఆ ఐదుగురే ఎందుకు మిగులుతారో మన కాలేజీల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్) అయిపోయి సర్టిఫికెట్ చేతికొచ్చింది. సోమవారం ఉదయం లెక్చరర్ ఉత్సాహంగా కాలేజీకి వెళ్తారు. ప్రొజెక్టర్ సెమినార్ హాల్లో ఉంటుంది, తాళం చెవి అటెండర్ దగ్గర ఉంటుంది. వైరు కలిపి తెర వెలిగేసరికి 50 నిమిషాల పీరియడ్‌లో 10 నిమిషాలు పోతాయి. అంతలో నెట్ ఆగిపోతుంది. పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. మర్నాడు ఆయన చేతిలో మళ్లీ చాక్‌పీసే కనిపిస్తుంది. ఆయనలో ఆసక్తి లేదనడం అన్యాయం. ఆ సోమవారం ఆయన పక్కన తోడుగా ఎవరూ లేరు.

6 నిమిషాలు, 12 మంది

శిక్షణలో ఏం నేర్పుతున్నారన్నది ఇంకో విషయం. ఎక్కువచోట్ల పీపీటీ తయారీ, వీడియో రికార్డింగ్, గూగుల్ క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంట్ పెట్టడం చెబుతారు. ఇవి కావలసినవే. కానీ 45 నిమిషాల ఉపన్యాసాన్ని అలాగే రికార్డు చేసి పెడితే చూసేవారుండరు. ఆన్‌లైన్ వేదిక ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దాని మీద నిలిచిన మధ్యస్థ సమయం 6 నిమిషాలు దాటలేదు. పాఠాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా విడగొట్టడం, ప్రతి ముక్క చివర ఒక ప్రశ్న పెట్టడం కెమెరా పట్టుకోవడం కంటే కష్టమైన విద్య. నేర్పవలసింది అదే.

అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం సైన్సు, ఇంజినీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 పరిశోధనలను కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలైనవారు 33.8 శాతం. విద్యార్థుల చేత పనిచేయించిన క్లాసుల్లో 21.8 శాతం. అంటే వందమందిలో 12 మంది తేడా. ఆ 12 మందిని నిలబెట్టడానికి పనికొస్తేనే టెక్నాలజీకి క్లాసులో చోటు.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బీకాం మొదటి సంవత్సరం, 40 మంది ఉన్న క్లాసు తీసుకుందాం. లెక్చరర్ బోర్డు మీద రాస్తారు: ‘అరువుకు రూ.10,000 సరుకు అమ్మాం. డబ్బు ఇంకా రాలేదు. ఈ ఏడాది ఆదాయంలో చేర్చాలా, వద్దా?’ ప్రతి విద్యార్థి చేతిలో ప్లికర్స్ కార్డు ఉంటుంది. అది ఒక ప్రింటెడ్ కాగితమే, ఏ వైపు పైకి పట్టుకుంటే అదే జవాబు. లెక్చరర్ తన ఫోన్‌లో ప్లికర్స్ యాప్ తెరిచి కెమెరాను క్లాసు మీదుగా ఒకసారి తిప్పుతారు. 16 మంది మాత్రమే ‘చేర్చాలి’ అన్నారని తెలుస్తుంది. పక్కవాడితో రెండు నిమిషాలు వాదించమంటారు. మళ్లీ ఓటు వేయిస్తారు. ఈ లోపల డబ్బు రాకపోయినా అమ్మకం జరిగినప్పుడే ఆదాయంగా లెక్కించాలన్న అకౌంటింగ్ సూత్రం పిల్లల నోటే చర్చకు వస్తుంది. కావలసిందల్లా ఒక ఫోను, 40 కాగితాలు, ఒక మంచి ప్రశ్న. వీటిలో అన్నిటికంటే కష్టమైనది ఆ ప్రశ్న తయారుచేయడమే.

40 గంటలనే మరోలా పంచితే

కొత్తగా బడ్జెట్ అడగకుండానే ఒక మార్పు చేయవచ్చు. ఉన్న 40 గంటల్లో 16 గంటలు శిక్షణకు ఉంచి, మిగతా 24 గంటలను వారానికి రెండు చొప్పున 12 వారాలకు పంచాలి. ఆ రెండు గంటల్లో ఒకే కాలేజీకి చెందిన ఇద్దరు లెక్చరర్లు ఒకరి క్లాసులో మరొకరు కూర్చుని, ఎక్కడ కుదిరిందో, ఎక్కడ తప్పిందో మాట్లాడుకోవాలి. సర్టిఫికెట్ శిక్షణ ముగిసిన వెంటనే కాక పన్నెండో వారం చివర ఇవ్వాలి.

ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. మీ కాలేజీ నుంచి శిక్షణకు ఎవరినైనా పంపేటప్పుడు ఒక్కరిని పంపకండి, ఇద్దరిని పంపండి. వారు తిరిగొచ్చిన సోమవారం సెమినార్ హాలు తాళం చెవి వారి చేతికివ్వండి.