ఏ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదు!

మస్కట్‌లో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే, పులిహోర అయిపోయేలోగా మాట పిల్లల చదువు మీదికి మళ్లక తప్పదు. ఈ మధ్య ఆ మాటల్లో "మావాడు ఏ.పి. ఇంగ్లీషు రాస్తున్నాడండీ" అన్నది కూడా వినబడుతోంది. ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవారు "మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషుకు వేరే పరీక్ష పెట్టారా?" అని అడిగితే నవ్వుకుంటాం గాని, ఆ పరీక్షలో ఏముందో వివరంగా చెప్పగలిగేవారు మనలోనూ తక్కువే.

ఏ.పి. అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలోని కాలేజ్ బోర్డు నడిపే పద్ధతి ఇది. 1950ల నుంచి ఉంది. హైస్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి సంవత్సరపు స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాస్తే 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. మంచి స్కోరు వస్తే చాలా అమెరికన్ కాలేజీలు ఆ పాఠం చదివినట్టే లెక్కగడతాయి. ఏ స్కోరుకు ఎంత అన్నది ఆయా కాలేజీల ఇష్టం. ఇంగ్లీషులో రెండు పరీక్షలున్నాయి. ఒకటి సాహిత్యానికి. రెండోది "లాంగ్వేజ్ అండ్ కంపోజిషన్", అంటే వచనం చదివి, వాదించి, రాయడానికి. మనం చెప్పుకునేది ఈ రెండోదాని గురించి.

మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది 1975లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ మస్కట్ వంటి సి.బి.ఎస్.ఇ. బడులలో. 1998లో మొదలైన ఇక్కడి అమెరికన్ ఇంటర్నేషనల్ స్కూల్లో ఏ.పి. పాఠాలు ఉన్నాయి. వేరే బడి పిల్లలు ఈ పరీక్ష రాయాలంటే, బయటివారిని రాయనిచ్చే బడి ఏదో ముందుగా కనుక్కోవాలి. మే పరీక్షకు అంతకు ముందటి నవంబరులోనే పేర్లు ఇచ్చే గడువు ముగుస్తుంది. కనుక దసరాకే విచారించడం మంచిది.

పరీక్ష మొత్తం 3 గంటల 15 నిమిషాలు. మొదటి గంటలో 45 ప్రశ్నలు, సరైన జవాబు గుర్తించేవి. వాటికి 45 శాతం. తరువాతి 2 గంటల 15 నిమిషాల్లో మూడు వ్యాసాలు, వాటికి 55 శాతం. అందులో 15 నిమిషాలు చదువుకోవడానికి, ఒక్కో వ్యాసానికి సుమారు 40 నిమిషాలు. 2025 మే నుంచి అంతా కంప్యూటరు మీదే. చేతిరాత బాగుందని మురిసిపోతే చాలదు, టైపు కూడా చురుకుగా రావాలి. వ్యాసానికి 6 మార్కులు: స్పష్టమైన వాదం నిలబెట్టినందుకు 1, ఆధారాలకు, వాటి వివరణకు 4, ఆలోచనలో లోతుకు 1.

మన బడులలో పిల్లలు రాత నేర్చుకోరని కాదు. నోటీసు, ఆహ్వానపత్రం, ఉద్యోగానికి దరఖాస్తు, సంపాదకునికి లేఖ ఏవైనా తప్పుల్లేకుండా రాయగలరు. అయితే వాటికి అచ్చు ముందే ఉంటుంది. అందులో విషయం పోస్తే సరిపోతుంది. ఈ పరీక్షలో అచ్చు ఉండదు. "నువ్వేమంటావు? ఎందుకంటావు?" అని అడుగుతారు. ట్యూషన్ మాస్టారు ఇచ్చిన పది వ్యాసాలు కంఠస్థం చేసినవాడు ఇక్కడే తడబడతాడు.

మూడు వ్యాసాల్లో ఒకటి, ఒక ప్రసంగమో లేఖో ఇచ్చి, రాసినవారు ఎదుటివారిని ఎలా ఒప్పించారో చెప్పమంటారు. రెటారిక్ అంటే ఇదే. పేరు చూసి భయపడనక్కర్లేదు. మనింట్లో అమ్మమ్మ "ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటార్లే" అంటుంది. మరుక్షణం అందరూ ఆమె మాటే వింటారు. ఎవరు అన్నారు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏం కోరి, ఆ మాటే ఎందుకు ఎంచుకున్నారు? ఈ అయిదూ చెప్పగలిగితే విశ్లేషణ మొదలైనట్టే.

చాలామంది పిల్లలు "ఇక్కడ ఉపమానం ఉంది, ఇక్కడ పునరుక్తి ఉంది" అని జాబితా రాసి ఆగిపోతారు. మా వృత్తిలో దీన్ని లక్షణాల పట్టిక అంటాం. జ్వరం, దగ్గు, ఆయాసం అని రాసినంతలో రోగనిర్ణయం కాదు. ఇవన్నీ కలిపి ఏం చెబుతున్నాయో తేల్చాలి. ఆ పునరుక్తి విన్నవారి మనసును ఏం చేసిందో రాస్తేనే మార్కు.

రెండోదానిలో ఒకే విషయం మీద ఆరు ఆధారాలు ఇస్తారు. వాటిలో బొమ్మలు, అంకెల పట్టికలు కూడా ఉంటాయి. కనీసం మూడింటిని వాడుకొని సొంత వాదం కట్టాలి. దీని సాధనకు మనకు ఒమాన్ కంటే మంచి బడి లేదు. నిజ్వాలోని ఫలజ్ దారిస్ కాలువను పిల్లలకు చూపించే ఉంటారు. ఒమాన్‌లో ఇటువంటి ఫలజ్‌లు సుమారు 3,000 ఇంకా పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మరోవైపు 1976 నుంచి సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాలు వచ్చాయి. "పాత కాలువలను నిలబెట్టడానికి డబ్బు పెట్టాలా?" అని అడిగి, రెండు వార్తలు, ఒక పటం, ఒక పట్టిక ముందు పెట్టండి. శుక్రవారం పొద్దున 40 నిమిషాలు చాలు.

మూడోది వాదన వ్యాసం. అసలు చిక్కు ఇక్కడే, అదీ పిల్లలకంటే మనకే ఎక్కువ. ఒక మిత్రుని ఇంట్లో జరిగింది చెబుతాను. వారి అమ్మాయి సాధన కోసం ఒమనైజేషన్ మీద రాసింది. ఈ దేశపు ఉద్యోగాలు ముందు ఈ దేశపు యువకులకే చెందాలని వాదించింది. తండ్రి ఇక్కడ కాంట్రాక్టు మీద ఉన్నవాడు. ఆ కాగితం చదివి ముఖం మాడ్చుకొని, "మన అన్నం మీద మనమే మన్ను పోసుకోవడమా? మార్చి రాయి" అన్నాడు. ఆ పిల్ల "తప్పు ఎక్కడుందో చెప్పండి నాన్నగారూ, మారుస్తాను" అంది. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "మాలాంటివాళ్లం ముప్పై ఏళ్లు చేసిన పని సంగతి ఇందులో ఏదీ?" అన్నాడు. ఆమె ఆలోచించి, ఆ మాటకు ఒక పేరా చేర్చి, దానికి సమాధానమూ రాసింది. అభిప్రాయం మారలేదు గాని, వ్యాసం మాత్రం బాగుపడింది. పరీక్షకులు ఏ పక్షమని చూడరు. ఎదుటి పక్షాన్ని విన్నావా, విని ఎలా నిలబడ్డావు అని చూస్తారు.

మన పిల్లలు పన్నెండో తరగతి కాగానే ఈ దేశం విడిచి, మన నీడ విడిచి చదువులకు వెళ్లిపోయేవారు. ఇంట్లో తండ్రితో మర్యాదగా విభేదించడం నేర్చుకోని బిడ్డ, అక్కడ పదిమందిలో నోరు విప్పడానికి జంకుతుంది. కనుక ఈ పరీక్షకు మనం కొనిపెట్టే పుస్తకాలకంటే, భోజనాల దగ్గర వారిని మాట్లాడనివ్వడం ముఖ్యం.

ఇది మన సంప్రదాయం కాదనుకోవద్దు. తెలుగు విద్యార్థులు పరీక్షల్లో వ్యాసం ఏ భాషలో రాయాలి, గ్రాంథికంలోనా వాడుకలోనా అని మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద వివాదం నడిచింది. ఆ సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ అప్పారావుగారు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. రాసింది ఇంగ్లీషులోనే. 1915లో ఆయన కన్నుమూసేనాటికి ఆ వాదం నెగ్గలేదు. అయినా ఈనాడు మీరు చదువుతున్న ఈ తెలుగు, ఆయనా గిడుగు రామమూర్తి పంతులుగారూ నిలబడిన పక్షానిదే. ఇంగ్లీషులో వాదన వ్యాసం ఎలా ఉండాలో పిల్లలకు చూపించడానికి మన విజయనగరం పెద్దమనిషే చాలు.

చివరగా ఒక చిన్న ప్రణాళిక. నవంబరులోగా పేరు ఇవ్వడం, జనవరి దాకా వారానికొక మంచి సంపాదకీయం చదివి నాలుగు వాక్యాల్లో దాని వాదం రాయడం, ఫిబ్రవరి, మార్చిలలో వారానికొక వ్యాసం గడియారం పెట్టుకొని రాయడం, ఏప్రిల్‌లో రెండు మూడు పూర్తి పరీక్షలు. పాత వ్యాస ప్రశ్నలను కాలేజ్ బోర్డే అందరికీ అందుబాటులో ఉంచుతుంది. రాసిన ప్రతి కాగితాన్నీ ఇంట్లో ఒకరు చదవాలి. ఇంగ్లీషు దిద్దలేకపోయినా ఫరవాలేదు. "ఇది ఎందుకన్నావు?" అని అడగగలిగితే చాలు.