ఫారంలోని గుండ్రని బటన్లు: విద్యార్థులు, తల్లిదండ్రులు గమనించవలసిన సంగతులు

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చాలావరకు కంప్యూటర్ మీదికి వచ్చేశాయి. మన పిల్లలకు ఫారాలు నింపడంలో నేను సాయం చేస్తూ ఉంటాను. పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా నంబరు రెండేసి సార్లు సరిచూసుకునేవారు కూడా గుండ్రని బటన్ల దగ్గర ఒక్క క్షణం ఆగరు. అందుకే వాటి పనితీరు గురించి ఈ నాలుగు మాటలు.

వీటిని రేడియో బటన్లు అంటారు. పాత కార్లలోని రేడియోకు వరుసగా మీటలు ఉండేవి. ఒకటి నొక్కితే, అంతకు ముందు నొక్కి ఉన్నది టక్కున పైకి లేచేది. ఒకేసారి రెండు స్టేషన్లు వినలేం కదా! ఫారంలోనూ అంతే. చదరపు గళ్ళలో ఎన్నింటికైనా టిక్కు పెట్టవచ్చు, గుండ్రని వాటిలో ఒక్కదానికే చుక్క. చదరపు గడిని మళ్ళీ నొక్కితే టిక్కు పోతుంది. గుండ్రనిదాన్ని ఎన్నిసార్లు నొక్కినా చుక్క పోదు, పక్కదానికి మారుతుందంతే. మళ్ళీ ఖాళీ చేయాలంటే మామూలుగా పేజీని మొదటి నుంచి తెరవాల్సిందే.

అసలు ముట్టుకోకపోతే? 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 నిబంధనల ప్రకారం, ఏదీ గుర్తించి లేకపోతే బ్రౌజరే మొదటి బటన్‌కు చుక్క పెట్టాలి. 1999లో వచ్చిన 4.01 ఆ విషయం తేల్చకుండా వదిలేసింది. ఇప్పటి బ్రౌజర్లు ఖాళీగానే ఉంచుతాయి. అలా ఖాళీగా ఉన్న ప్రశ్నకు సర్వర్‌కు ఏమీ చేరదు, 'కాదు' అని కూడా చేరదు. అయితే ఫారం తయారుచేసినవారు ముందుగానే ఒకదానికి చుక్క పెట్టి ఉంచవచ్చు. దాన్ని మీరు మార్చకపోతే అది మీ జవాబుగానే వెళ్తుంది.

ఉదాహరణకు 'హాస్టలా, డే స్కాలరా' అన్న ప్రశ్న. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2021లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల్లో మొదటి గ్రూపు కోర్సులకు ఏడాదికి హాస్టల్ విద్యార్థికి 13,500 రూపాయలు, డే స్కాలర్‌కు 7,000 రూపాయలు. ముందే 'డే స్కాలర్' అని చుక్క ఉన్న ఫారంలో హాస్టల్ పిల్లవాడు చూసుకోకపోతే తేడా 6,500 రూపాయలు.

ఇంకో చిక్కు కీబోర్డుది. మౌస్‌తో ఒక గుండ్రని బటన్‌ను నొక్కాక, పేజీ కిందికి జరపడానికి కింది బాణం మీట నొక్కారనుకోండి. పేజీ జరగదు. చుక్క తరవాతి బటన్‌కు దూకుతుంది! చివరిది దాటితే మళ్ళీ మొదటిదానికి వస్తుంది. నెట్ సెంటర్లో వెనక నలుగురు నిలబడి ఉన్నప్పుడు ఇది కంటపడదు. కాబట్టి బటన్ నొక్కాక మౌస్ చక్రంతోనే పేజీ జరపండి. పంపేముందు ప్రివ్యూ వస్తే చుక్క పెట్టిన ప్రతి జవాబునూ పైకి చదివించండి. అమ్మో నాన్నో పక్కన కూర్చుని వింటే మరీ మంచిది.

మనవాళ్ళకు ప్రత్యేకంగా తగిలే ప్రశ్న 'మీరు మైనారిటీయా?' అన్నది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో తెలుగువారు భాషాపరంగా అల్పసంఖ్యాకులే. కానీ కేంద్రం ఇచ్చే మైనారిటీ స్కాలర్‌షిప్‌లలో ఆ మాటకు అర్థం మతపరమైన మైనారిటీ. 1992 నాటి జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం కింద గుర్తించిన ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్శీలు, 2014 నుంచి జైనులు. మాతృభాష తెలుగు అన్న ఒక్క కారణంతో అక్కడ 'అవును' నొక్కకూడదు. భాషా మైనారిటీ కళాశాలల ప్రవేశ ఫారంలో అడిగేది వేరే సంగతి, అక్కడ నొక్కవలసిందే. రెండు బటన్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పైనున్న ప్రశ్న పూర్తిగా చదవాలి. యానాం పిల్లలు రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ కాక పుదుచ్చేరి ఎంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

కంప్యూటర్ కోర్సు చదువుతూ సొంతంగా ఫారాలు తయారుచేసే విద్యార్థులకు ఒక మాట. ఒక ప్రశ్న కింది బటన్లన్నింటికీ ఒకే 'నేమ్' ఇవ్వాలి, వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు. పొరపాటున రెండు ప్రశ్నలకు ఒకే పేరు పెడితే రెండోది నింపగానే మొదటిదాని చుక్క మాయమవుతుంది. ఒక్కో బటన్‌కు 'వాల్యూ' రాయకపోతే ఏది నొక్కినా సర్వర్‌కు 'ఆన్' అనే చేరుతుంది, హాస్టలో ఇల్లో తెలియదు. జవాబు తప్పనిసరైతే 'రిక్వైర్డ్' పెట్టండి. సర్వర్ దగ్గర కూడా వచ్చిన జవాబు మీరిచ్చిన వాటిలో ఒకటేనా అని పరీక్షించండి. ఏమీ రాకపోతే దాన్ని 'కాదు' కింద రాసుకోకుండా దరఖాస్తుదారుని మళ్ళీ అడగండి.