కిన్నెరసాని యడవిలో నొక వేకువ

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవువారు రామదర్శనమునకై తొందరపడుదురే గాని, పాల్వంచ చెంత బాట విడిచి కిన్నెరసానికి పోవువారు తక్కువ. మేమును పెక్కుసారు లట్లే పోయితిమి. ఈ చైత్రమున మావారి బడికి రెండు దినములు సెలవు దొరకగా, కారు నటు మరలించితిమి.

1977లో శరణ్యముగా ప్రకటింపబడిన యీ యడవి 635 చదరపు కిలోమీటర్లు. చిఱుతపులి, అడవిదున్న, చుక్కలదుప్పి యిందు గలవు. జలాశయమున మొసళ్లు గలవు. మా కవి యేవియు గనబడలేదు.

తెల్లవాఱుచుండగా, రాలిన యిప్పపూలను జూచి మా చిన్నది కారు తలుపు తెఱచెను. అంతలో గంపలతో వచ్చుచున్న కోయ స్త్రీలలో నొకామె గద్దించెను: “దిగకు బిడ్డా! ఎలుగు ఈడనే ఉన్నది.”

ఇప్పపూవు వేకువను రాలును. ఆ తీపికి ఎలుగు వచ్చును. ఎండబెట్టి దాచుకొనుట కామెయు వచ్చును. ఒకే చెట్టు క్రిందికి, ఒకే వేళకు! ఎలుగునకు చూపు మందము. సడి లేక సమీపించినచో బెదరి మీదబడును. అందుచే నా స్త్రీలు గుంపుగా, బిగ్గరగా మాటలాడుచు వత్తురట. మేమో, మృగములు బెదరునని త్రోవ పొడుగునను పిల్లల నోళ్లు మూయించితిమి!

కొంతసేపటికి పొదలు కదలి, నల్లని వీపొకటి కొండవైపు సాగిపోయెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. ఆమె అటు చూడనైన చూడక గంప దించి పూలేరుకొన నారంభించెను. ఎండ యెక్కక మునుపే యది నిండవలెను గదా.