వయసు అడ్డు తొలగింది, మరి వంటిల్లో?

ఇద్దరు బిడ్డల తల్లి డాక్టరు చదువుకు పరీక్ష రాస్తానంటే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ‘ఈ వయసులోనా?’ మేమూ మా కోడలిని అదే అన్నాం. ఇంటర్లో బైపీసీ చదివి, పెళ్లితో పుస్తకాలు అటకెక్కించిన అమ్మాయి. తీరా చూస్తే, నీట్ రాయడానికి ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండితే చాలు. జనరల్ వారికి 25, రిజర్వేషన్ వారికి 30 అన్న గరిష్ఠ పరిమితిని 2022లో ఎత్తేశారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉంటుంది.

720 మార్కుల్లో సగం జీవశాస్త్రానివే. అది ఆమెకు పట్టుబడింది. చిక్కంతా ఫిజిక్స్‌తోనే. లెక్కలు చదివితే రావు, చేయాలి. అందుకు కదలకుండా రెండు గంటలు కావాలి. ఆ రెండు గంటలే మా ఇంట్లో లేవు. ఫజర్ తర్వాత కూర్చుంటే చిన్నవాడు లేస్తాడు, రాత్రి కూర్చుంటే కునుకు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడానాయె! కోచింగ్ ఫీజు గురించి అందరం మాట్లాడాం. రొట్టెలు ఎవరు చేస్తారన్న మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

ఇప్పుడు ఉదయం ఎనిమిది దాకా పొయ్యి మాది, పిల్లల్ని బడికి తయారుచేసే పని మా అబ్బాయిది. మొదటి వారం టిఫిను డబ్బాలు తారుమారయ్యాయి. ఫిజిక్స్‌లో మొదటి పాఠం మాత్రం పూర్తయింది.