కోడికి కావలసినదేమి?

పల్లెయిండ్లలో గ్రుడ్డు పెట్టబోవు కోడిపెట్ట నిలిచినచోట నిలువదు. గడ్డివాము సందు, గాదె క్రింది చీకటిమూల, పాత గంప, ఇట్లు ఒక్కొక్కటే తొంగిచూచుచు, గొణుగుచు తిరుగును. మరుగైన చోటు దొరకిననే కూర్చుండును. ఇది తల్లి నేర్పిన విద్య కాదు. యంత్రములో పొదిగింపబడి, గంపయే యెరుగని కోడికిని ఈ వెదకులాట తప్పదు. అండము విడుదలయైన పిదప దేహములో కలుగు హార్మోనుల మార్పే దీనికి కారణము.

నేడు అంగళ్లకు వచ్చు గ్రుడ్లలో అధికభాగము అట్టి మూలను చూడని కోళ్లు పెట్టినవే. గ్రుడ్ల ఉత్పత్తిలో దేశమున ముందు నిలుచు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫారములలో కోళ్లు తీగెల పంజరములలో నుండును. ఏటవాలు నేలపై గ్రుడ్డు ముందుకు దొర్లును. రెట్ట క్రిందికి పడును. కోడి రెట్టకు దూరమగుటచే కొన్ని రోగములు తగ్గును. ఈ లాభమును కాదనరాదు.

మరి స్థలమో? ఐరోపా యూనియన్ 1999లో చేసిన శాసనము సాదా పంజరములో కోడికి కనీసము 550 చదరపు సెంటీమీటర్లుండవలెననెను. కార్యాలయములలో వాడు ఏ4 కాగితము అంతకంటె పెద్దది! బ్రిటనులో 1989లో ప్రకటింపబడిన కొలతల ప్రకారము కోడి ఊరక నిలుచుటకు సగటున 475, రెక్కలల్లార్చుటకు 1,876 చదరపు సెంటీమీటర్లు పట్టును.

అయినను, కోడి బాధపడుచున్నదని మనమెట్లు చెప్పగలము? ఈ ప్రశ్న తేలికైనది కాదు. 1964లో రూత్ హారిసన్ వ్రాసిన గ్రంథము బ్రిటనులో కలకలము రేపగా, ప్రభుత్వము బ్రాంబెల్ అధ్యక్షతన సంఘమును నియమించెను. సన్నతీగెతో షట్కోణముగా అల్లిన నేల కోడి పాదములకు బాధాకరమని 1965లో ఆ సంఘము తలచి, అది కూడదనెను. 1973లో హ్యూస్, బ్లాక్ అనువారు నేలలను ప్రక్కప్రక్కన అమర్చి కోళ్లనే యెన్నుకొననిచ్చిరి. కోళ్లు ఆ షట్కోణపు అల్లికనే మెచ్చినవి! పెద్దల సానుభూతి సదుద్దేశమే గాని, పాదము కోడిది గదా.

ఎన్నుకొనుట మాత్రమే చాలదు. రెంటిలో ఒకటి మేలనుకొన్నంతమాత్రమున అది లేక బాధపడునని చెప్పరాదు. కావున మారియన్ డాకిన్స్ మొదలగువారు "వెల" అడిగిరి. కోరినదాని ముందు బరువైన తలుపు నుంచి, కోడి ఎంత శ్రమపడి నెట్టునో చూచుటయే ఆ వెల. గ్రుడ్డు పెట్టు ఘడియకు కొంచెము ముందు గూటికొరకు కోడి చేయు శ్రమ, నాలుగు గంటలు మేత లేని కోడి మేతకొరకు చేయు శ్రమను మించినదని తేలినది.

ఐరోపా యూనియన్‌లో సాదా పంజరములు 2012 జనవరి 1 నుండి నిషిద్ధములు. గూడు, దండెము గల పెద్ద పంజరములకు మాత్రము అనుమతి కలదు. మన దేశమున న్యాయ కమిషన్ 2017లో ఈ విషయమై 269వ నివేదిక నిచ్చినది.

పంజరము తీసివేసినంతనే కష్టము తీరదు. పెద్దగుంపులో కోళ్లు ఒకదాని ఈకలొకటి పొడుచుకొనును; కూలి, మేతల ఖర్చు పెరిగి గ్రుడ్డు ధర హెచ్చును. గూటి ఖర్చు మాత్రము స్వల్పమే. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె, అందులో పిడికెడు గడ్డి చాలునని పెరటిలో కోళ్లు పెంచు ఇల్లాండ్రు ఎన్నడో యెరుగుదురు.