గొంతునొప్పి నుంచి గుండె దాకా

మానవ శరీరంలో రాత్రింబవళ్ళు కాపలా కాసే సైన్యం ఒకటున్నది. రక్తంలోని తెల్లకణాలే ఆ సైనికులు. శత్రుక్రిమి ఏ మార్గాన చొరబడినా పసిగట్టి మట్టుపెట్టడం వాటి విధి. కాని ఒక్కొక్కప్పుడు ఆ సైన్యమే దారి తప్పి, తాను కాపాడవలసిన గుండెపైనే కత్తి దూస్తుంది. దానినే వైద్యులు రుమాటిక్ గుండెజబ్బు అంటారు. ప్రపంచంలో 4 కోట్లమందికి పైగా దీని వాతబడి ఉన్నారు. ఏటా సుమారు 3 లక్షలమంది మరణిస్తున్నారు. వారిలో అత్యధికులు పేద దేశాలవారే.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 1963లో వైద్య కళాశాల వెలసింది. 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వచ్చింది. నవ రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో, పుట్టుకతో గుండెలో లోపమున్న పిల్లలకు పైసా పుచ్చుకోకుండా శస్త్రచికిత్సలు చేస్తున్నారు. పల్లెల నుండి బిడ్డను చంకనెత్తుకొని వచ్చే తల్లికి ఇవన్నీ కొండంత అండ. అయితే రుమాటిక్ జబ్బు పుట్టుకతో వచ్చే లోపం కాదు. చక్కని గుండెతో పుట్టిన బిడ్డకు బడి ఈడులో, సాధారణంగా 5 నుంచి 15 ఏళ్ళ మధ్య, దాపురించేది. అందుచేతనే దానిని ముందుగా ఆపడానికి వీలున్నది.

పొరపాటు ఎక్కడ?

కథ మామూలు గొంతునొప్పితో మొదలవుతుంది. దానికి కారణం స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి. ఇరుకిళ్ళలో, ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే చోట అది త్వరగా పాకుతుంది. శరీరం దానిపై యుద్ధం ప్రకటిస్తుంది. చిక్కు ఇక్కడే ఉన్నది. ఆ క్రిమి ఒంటిపైని ఒక మాంసకృత్తుకు, మన గుండెలోని మాంసకృత్తులకు కొంత పోలిక ఉన్నది. క్రిమిని గుర్తుపట్టడం నేర్చిన తెల్లకణాలు, ఆ పోలిక చూసి భ్రమపడి, రెండు మూడు వారాల తరువాత గుండె కవాటాలలో ప్రవేశిస్తాయి. కీళ్ళు వాచి, జ్వరం వస్తుంది. కీళ్ళ నొప్పి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. గుండె కవాటాలపై పడిన మచ్చ మాత్రం మిగిలిపోతుంది. జ్వరం తిరగబెట్టినప్పుడల్లా కవాటం మరికొంత బిరుసెక్కుతుంది.

1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ అషాఫ్ ఇట్టి రోగుల గుండె కండరంలో చిన్న చిన్న కణుపులను గుర్తించాడు. అవి భక్షక కణాల గుంపులని తరువాత తేలింది. ఈ కణాలు గుండెకు పుట్టు శత్రువులు కావు. ఆరోగ్యవంతమైన గుండెలో కూడా అవి కాపురముంటాయి. వాటిలో కొన్ని పిండదశలోనే అక్కడికి చేరినవి. చచ్చిన కణాలను ఊడ్చివేయడం వాటి పని. గుండె స్పందనకు అవసరమైన విద్యుత్ ప్రవాహం సాఫీగా సాగడానికి సైతం అవి తోడ్పడతాయని 2017లో ఎలుకలపై జరిపిన పరిశోధన వెల్లడించింది. కనుక తప్పు సైన్యానిది కాదు, దానికి అందిన ఆనవాళ్ళది.

జన్యువుల పాత్ర

గొంతునొప్పి వచ్చిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రాదు. చికిత్స లేకున్నా నూటికి ముగ్గురికి మించి రాదని అంచనా. ఆ కొద్దిమందికే ఎందుకు వస్తున్నది? అచ్చంగా ఒకే జన్యువులు గల కవల పిల్లలలో ఒకరికి రుమాటిక్ జ్వరం వస్తే, రెండవవారికీ వచ్చే సందర్భాలు నూటికి 44. మామూలు కవలలలో అవి 12 మాత్రమే. అంటే వంశపారంపర్యానికి ఇందులో పెద్ద వాటా ఉన్నదన్నమాట.

క్రిమి తునకలను తెల్లకణాలకు చూపి, "ఇదిగో శత్రువు" అని ఆనవాలు చెప్పే అణువులున్నాయి. వాటిని తయారుచేసే జన్యువులు మన ఆరవ క్రోమోజోముపై గుంపుగా ఉన్నాయి. దక్షిణాసియా ప్రజలలోను, ఐరోపావారిలోను జరిగి 2020లో వెలువడిన పరిశోధన, ఈ జబ్బుకు లోనయ్యే స్వభావానికి ఆ ప్రాంతంతో సంబంధమున్నదని చూపింది. అయినా జన్యువు ఒక్కటే జబ్బును తెచ్చిపెట్టదు. క్రిమి సోకనిదే సైన్యం కదలదు.

చేతిలో ఉన్న ఆయుధం

మన జన్యువులను మనం మార్చుకోలేము. క్రిమిని మాత్రం చంపగలము. 1928లో కనుగొన్న పెన్సిలిన్‌కు ఈ స్ట్రెప్టోకాకస్ నేటికీ లొంగుతూనే ఉన్నది. గొంతునొప్పి మొదలైన 9 రోజులలోగా తగిన మందు పడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. ఒకసారి వచ్చినవారికి మూడు లేక నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి అవసరం. ఉగాండాలో 818 మంది పిల్లలపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధన దీని విలువను చాటింది. వారందరికీ జబ్బు తొలిదశలోనే ఉన్నది. సూది వేయించుకోనివారిలో రెండేళ్ళలో నూటికి 8 మందికి పైగా జబ్బు ముదిరింది. వేయించుకున్నవారిలో నూటికి ఒక్కరికన్న తక్కువ.

కవాటం పూర్తిగా చెడిన తరువాత శస్త్రచికిత్స తప్పదు. అప్పుడు ఖర్చు లక్షలలో ఉంటుంది, పెద్ద ఆసుపత్రి ఎక్కడో నగరంలో ఉంటుంది. సూది మందు మాత్రం ఊరి ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వదగినది. బిడ్డకు గొంతు నొప్పితో జ్వరం వచ్చినా, ఆ తరువాత ఒక కీలు వాచి, అది తగ్గి మరొకటి వాచినా, "ఎదుగుదల నొప్పులు" అని సరిపెట్టుకోక వైద్యునికి చూపించాలి. కీళ్ళ నొప్పి దానంతటదే తగ్గిపోయిందని సంతోషించి ఊరుకోవడమే ఈ జబ్బులో అన్నిటికన్న పెద్ద ప్రమాదం.